టవర్ సారు చెప్పిన ఊరు

మొన్న మా మేనకోడలు శ్రావణి ఒక మొబైల్ కంపెనీలో చేరుతున్నానని చెప్పడానికి ఆర్మూర్ వచ్చింది. ఆమె ఉద్యోగం పేరులో 'డేటా రక్షణ' అనే మాట ఉంది. నేను పనిచేసిన రోజుల్లో మా ఆఫీసులో గట్టి రక్షణ ఉన్నవి రెండే: టవర్ కింద జనరేటర్‌లోని డీజిల్, ఏరియా మేనేజర్ గారి కుర్చీ. "నువ్వు గిన్నేండ్లు ఏం పని చేసినవ్ మామా?" అని అడిగింది. "సిగ్నల్ ఇచ్చిన బిడ్డా" అన్నాను. అది అబద్ధం కాదు కానీ అందులో సగమే ఉంది. మిగతా సగం ఆమె కోసమూ, ఆమెలాగా కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసమూ ఇక్కడ రాస్తున్నాను. ఎవరి ప్రమోషన్ల సంగతీ ఇందులో లేదు. నావి చెప్పుకోదగ్గవి కావు, ఇతరులవి చెప్పకూడనివి.

ఫోన్ మోగాలంటే

మొబైల్ కంపెనీలు జనం జాడ తీస్తాయని ఇప్పుడు పేపర్లలో రాస్తున్నారు. అదేదో ఎవరో చాటుగా చేసే పనిలాగా రాస్తారు. నిజం అంతకంటే చప్పగా ఉంటుంది. మీ ఫోన్ మోగాలంటే అది ఎక్కడ మోగాలో మాకు తెలియాలి. జేబులో పడి ఉన్న ఫోన్ కూడా 'నేనిక్కడున్నాను' అని చుట్టుపక్కల టవర్లకు అప్పుడప్పుడు చెప్పుకుంటూనే ఉంటుంది. కాల్ వచ్చినా, మెసేజ్ వచ్చినా, నెట్ వాడినా ఏ టవర్ నుంచి, ఆ టవర్‌కు ఏ దిక్కున అన్నది ఒక వరుసగా రాసిపెట్టబడుతుంది. మా టవర్ మీద మూడు దిక్కులకు మూడు యాంటెనాలు ఉంటాయి. ఒక్కో దిక్కును సెక్టార్ అంటాం. పట్నంలో ఒక సెక్టార్ అంటే రెండు మూడు వీధులు, వేలమంది జనం. పల్లెలో ఒక సెక్టార్ అంటే ఊరు. కొన్నిచోట్ల పది ఇళ్లు.

ఆ రాసిపెట్టిన వరుసలను ఏళ్ల తరబడి దాచాలని లైసెన్సు నిబంధన. పోలీసులకు కావాలంటే జిల్లా స్థాయి పెద్ద అధికారి సంతకంతో హైదరాబాద్‌లోని మా కంపెనీ అధికారికి లేఖ రావాలి. ఆయన చూసి ఇస్తాడు. కస్టమర్ తన జాడ తానే అడగడానికి నింపాల్సిన కాగితం మాత్రం మా కౌంటర్‌లో ఉండేది కాదు. ఎవరూ అడగలేదు కాబట్టి అచ్చు వేయించలేదని మా మేనేజర్ గారు చెప్పేవారు. అచ్చు వేయించలేదు కాబట్టి ఎవరూ అడగలేదని నాకు అనిపించేది.

నా పని నెట్‌వర్క్. ఆర్మూర్ నుంచి గోదావరి ఒడ్డు దాకా టవర్లన్నీ నా చేతిమీదుగా నడిచేవి. పసుపు సీజన్‌లో మార్కెట్ యార్డుకు జనం పోటెత్తి ఫోన్లు కలవకపోతే ముందు నన్ను తిట్టేవారు. తర్వాతే ధర పెట్టినవాళ్లను తిట్టేవారు.

పేర్లు లేని షీటు

మా ఏరియా మేనేజర్ మురళీధర్ గారు హైదరాబాద్ మనిషి, కాపురం నిజామాబాద్‌లో. మంచి మాటకారి. ఒకసారి ఆయన కొత్త వ్యాపారం తెచ్చారు. ఎరువుల కంపెనీల హోర్డింగులు ఎక్కడ పెడితే ఎక్కువమంది రైతులు చూస్తారో మన దగ్గరున్న ఫోన్ల కదలికలను బట్టి చెప్పవచ్చునట. ఒక ప్రకటనల సంస్థకు వారం వారం ఒక షీటు వెళ్లాలి. అందులో పేర్లు, నంబర్లు ఉండవు. ప్రతి ఫోన్‌కూ ఒక కోడ్, అది ఏ రోజు ఏ గంటకు ఏ టవర్ కింద ఉందో అంతే. టవర్ల వివరాలు సరిగ్గా ఉన్నాయా అని సరిచూసే పని నాకు పడింది.

నాలుగు వారాల షీట్లు చూశాక నాకు బాగా అనిపించలేదు. వెళ్లి చెప్పాను.

"పేర్లు లేవు కదండీ భూమయ్య గారూ" అన్నారాయన. "పేరు లేకపోతే అది ఎవరిదీ కాదు. ఎవరిదీ కానిదాన్ని ఇస్తే ఎవరికి నష్టం?"

నేను షీట్లలో ఒక కోడ్ మీద వేలు పెట్టాను. "ఈ ఫోన్ చూడండి సార్. రాత్రంతా నిజామాబాద్‌లో ఒకే టవర్. పొద్దున తొమ్మిదిన్నరకు మన ఆఫీసు టవర్. సాయంత్రం ఆరింటికి మళ్లీ నిజామాబాద్. ఆదివారం కదలదు."

"అయితే?"

"గురువారం మాత్రం ఒంటిగంట నుంచి మూడింటి దాకా అంకాపూర్ టవర్ కింద ఉంటుంది. నాలుగు గురువారాలూ అంతే."

మురళీధర్ గారు గురువారం ఉపవాసం. ఆయన ఉపవాసం అని తెలిసి ఆ రోజు ఆఫీసులో సగంమంది టిఫిన్ డబ్బాలు తెరవకుండా కూర్చునేవారు. అంకాపూర్ గురించి తెలియనివాళ్లకు ఒక మాట: ఆ ఊరు విత్తనాల పంటకు ఎంత పేరు పొందిందో నాటుకోడి కూరకూ అంత పేరు పొందింది.

ఆయన షీటును తన వైపు తిప్పుకుని చూశారు.

"ఆ ఊళ్లో సీడ్ రైతులను కలవాల్సి ఉంటుంది" అన్నారు చివరికి.

"అవును సార్. అక్కడ విత్తనాల పంట బాగుంటుంది" అన్నాను.

షీటు పంపడం రెండు వారాలు ఆగింది. నేను గెలిచానని ఇంట్లో కూడా చెప్పుకున్నాను. మూడోవారం షీటు మళ్లీ మొదలైంది. నేను వెతికితే ఆ ఒక్క కోడ్ మాత్రం కనిపించలేదు.

పేరు తీసేస్తే మనిషి దాగడు. ఇంటికి ఒకచోట, పనికి ఒకచోట, మనసుకు నచ్చిన ఇంకొకచోట ఉంటే చాలు, ప్రపంచంలో అలాంటివాడు ఒక్కడే ఉంటాడు. ఈ సంగతి మురళీధర్ గారికి నాకంటే బాగా అర్థమైంది. అర్థమైనంతవరకు తన మట్టుకు వాడుకున్నారు. నేను ఆయన్ను చూసి నవ్వుకున్నాను. నవ్వుకునే హక్కు నాకు ఎంతకాలం ఉందో ఇక్కడి నుంచి చదివితే తెలుస్తుంది.

సాయన్న వచ్చిన రోజు

కమ్మర్‌పల్లి దగ్గర ఒక ఊళ్లో సాయన్న అనే పసుపు రైతు పొలంలో మా టవర్ ఒకటి ఉంది. నెలకు రెండుసార్లయినా నేను అక్కడికి వెళ్లాల్సి వచ్చేది. ఎండలో వెళితే మజ్జిగ ఇచ్చేవాడు. మొక్కజొన్న కంకులు కాల్చి పెట్టేవాడు. నన్ను 'టవర్ సారు' అనేవాడు. మంచి మనిషి అనుకునేవాణ్ణి. నాతో మంచిగానే ఉండేవాడు, ఆ మాట నిజమే.

ఒకరోజు మధ్యాహ్నం మూడు దాటాక సాయన్న మా ఆఫీసుకు వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"సార్, మా తమ్ముని పెండ్లాం పొద్దటిసంది కనవడ్తలేదు" అన్నాడు. "పోరిని గూడ తోల్కపోయింది. బాయిల వడ్డదో, ఏం జేస్కున్నదో ఎరుకైతలేదు. తమ్ముడు షార్జాల ఉండె. ఆడికెల్లి ఫోన్ చేసి ఒక్కటే ఏడుసుడు."

"ఠాణల చెప్పినవా సాయన్నా?" అని అడిగాను.

"ఠాణకు పోతె ఇజ్జత్ ఉంటదా సార్? నాకు ఒక్క ముచ్చట చెప్పు. బతికున్నదా, లేదా. గంతే."

ఆ అమ్మాయి పేరు గంగమణి. బీడీలు చేస్తుంది. ఆమె నంబరు ఒక చిట్టీ మీద రాసుకుని వచ్చాడు.

నాకు చేయాల్సిన పని తెలుసు. ఠాణాకు పో, వాళ్లు లేఖ పంపిస్తారు, గంటలో తేలుతుంది అని చెప్పాలి. నిజంగానే గంటలో తేలేది. కానీ మజ్జిగ తాగినచోట రూలు చెప్పడం కష్టం. పైగా ఒక ఆడపిల్ల ప్రాణం కాపాడే అవకాశం అనుకున్నాను. నా మంచితనం మీద నాకు అప్పట్లో చాలా నమ్మకం ఉండేది.

హైదరాబాద్‌లో కాల్స్ కలిపే, వాటి రికార్డులుండే మా స్విచ్ రూములో ఫయాజ్ అనే కుర్రవాడు పనిచేసేవాడు. కాంట్రాక్టు మీద ఉన్నాడు. నెట్‌వర్క్ పనుల మీద రోజూ మాట్లాడుకునేవాళ్లం. అతనికి ఫోన్ చేశాను.

"లెటర్ ఉన్నదా అన్నా?" అన్నాడు.

"తర్వాత పంపుత. ఆడివిల్ల పానం ముచ్చట."

"పక్కా పంపుతవ్ గదా?"

"పంపుత" అన్నాను. ఆ లేఖ ఈ రోజు దాకా పంపలేదు.

రెండు నిమిషాల్లో ఫయాజ్ చెప్పాడు. మధ్యాహ్నం రెండున్నరకు ఒక కాల్ మాట్లాడింది. నవీపేట్ దాటాక గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊరి టవర్, రెండో సెక్టార్.

సాయన్న అడిగింది బతికుందా లేదా అని. "బతికున్నది, ఫికర్ చేయకు" అని నేను అక్కడ ఆగి ఉంటే ఈ కథ లేదు. సాయన్న "ఏడ సార్?" అన్నాడు. నేను ఊరి పేరు చెప్పాను. రెండు చేతులూ పట్టుకున్నాడు.

"దేవునోలె చెప్పినవ్ సార్" అన్నాడు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. అంతకు ఆరు నెలల ముందు వరకు ఆ ఊళ్లో ఫోన్లు మన టవర్‌ను పట్టుకునేవి కావు. నీళ్ల మీదుగా సిగ్నల్ దూరం పోతుంది కాబట్టి నది అవతల మహారాష్ట్ర టవర్‌ను పట్టుకునేవి. ఇంట్లో కూర్చున్నవాళ్లకు మరాఠీలో స్వాగతం మెసేజ్‌లు వచ్చేవి. ఊరివాళ్లు మొరపెట్టుకుంటే నేను వారంపాటు తిరిగి, యాంటెనాల దిక్కు మార్చి, వంపు సరిచేసి, ఊరి మీద మన సిగ్నల్ సరిగ్గా పడేలా చేశాను. పంచాయతీవాళ్లు శాలువా కప్పారు. నా ఉద్యోగంలో అంత శుభ్రంగా చేసిన పని ఇంకొకటి లేదు. అది చేయకపోయి ఉంటే ఆ రోజు ఫయాజ్‌కు నది అవతలి టవర్ కనిపించేది, సాయన్న అవతల వెతుక్కునేవాడు.

కస్టమర్ ఎవరు

పది రోజుల తర్వాత గంగమణి మా ఆఫీసుకు వచ్చింది. అప్పటికి నేను ఆమెను చూడలేదు. ముప్పై ఏళ్లు ఉండవు. వెంట నాలుగైదేళ్ల పాప. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు కలిపి కట్టు కట్టి ఉన్నాయి. కౌంటర్‌లో స్వప్న అనే అమ్మాయి కూర్చునేది. ఆమెతో మాట్లాడుతుంటే నా గదిలోకి వినిపించింది.

"నేను ఏడున్ననో ఎవలు అడిగిండ్రు, ఎవలు చెప్పిండ్రు, కాయితం మీద రాసియ్యాలె."

స్వప్న నంబరు కొట్టి చూసింది. "గీ సిమ్ము రవి అనేటాయన పేరు మీదున్నది అక్కా."

"మా ఆయినె. షార్జాల ఉంటడు."

"గట్లైతె కస్టమర్ ఆయినె. ఆయినె వచ్చి అడగాలె."

"ఫోను నాది. తిరిగింది నేను. దొరికింది నేను" అంది గంగమణి. "ఆయిన వచ్చి ఏం అడుగుతడు?"

స్వప్న నా వైపు చూసింది. నేను బయటికి వచ్చాను. గంగమణి నన్ను చూసి, "నువ్వేనా టవర్ సారువి?" అంది.

ఆమె చెప్పింది విన్నాను. భర్త గల్ఫ్ పోయినప్పటి నుంచి ఇంట్లో పెత్తనం అంతా బావ సాయన్నది. ఆమె మీద చెయ్యి చేసుకోవడం అతనికి అలవాటైంది. ఓర్చుకుని, ఓర్చుకుని, ఒకరోజు పాపను తీసుకుని చిన్ననాటి దోస్తు ఇంటికి వెళ్లింది. తెల్లారి ఇద్దరూ కలిసి నిజామాబాద్‌లో ఆడవాళ్లకు సాయం చేసే కేంద్రానికి వెళ్లి ఫిర్యాదు ఇద్దామనుకున్నారు. ఆ సాయంత్రమే సాయన్న ఇద్దరు మనుషులతో జీపులో దిగాడు. ఊరు చిన్నది. కొత్తగా వచ్చిన ఆడమనిషి ఏ ఇంట్లో ఉందో చెప్పడానికి బస్టాండ్ దగ్గర ఒక్కణ్ణి అడిగితే చాలింది. జీపులోనే ఫోన్ గుంజుకున్నాడు. ఆమె వదల్లేదు. వేళ్లు విరిగింది అప్పుడే.

"'నువ్వు ఏడికి వోయినా మా టవర్ సారు చెప్తడు' అన్నడు సార్ జీపుల" అంది. "మా దోస్తు చెప్పలె. గా ఊర్లె నన్ను ఎరిగినోళ్లు లేరు. నువ్వే చెప్పినవా?"

పాప స్వప్న బల్ల మీది కాలిక్యులేటర్ నొక్కుతోంది.

"మాకు ఎరుక లేదమ్మా" అన్నాను. "మేము గట్ల ఎవలకూ చెప్పం. కస్టమర్ వచ్చి అడిగితే చూస్తం."

కస్టమర్ కాబట్టి రవికి తప్ప చెప్పకూడదన్న రూలు ఆ నిమిషంలో నాకు ఎంత ఆసరాగా కనిపించిందో చెప్పలేను. సాయన్న కూడా కస్టమర్ కాదు. పది రోజుల ముందు ఆ రూలు నాకు గుర్తే రాలేదు.

గంగమణి కట్టు ఉన్న చెయ్యి బల్ల మీద పెట్టింది. "గీ వేళ్లతోని బీడీ చుట్ట రాదు సార్. దవాఖానల అన్నరు, అతుక్కుంటయి గని మునుపటోలె మడవరావని." అంతే అంది. ఏడవలేదు, తిట్టలేదు. పాప చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. తిడితే బాగుండునని నాకు చాలారోజులు అనిపించింది.

రికార్డు లేని తప్పు

ఆమె ఊరుకోలేదు. ఇంటివాళ్లు వద్దన్నా నిజామాబాద్ కేంద్రానికి వెళ్లింది. వాళ్ల లాయరమ్మ మా కంపెనీకి లేఖ రాసింది: ఫలానా రోజు ఫలానా నంబరు జాడ ఎవరు చూశారు, ఎవరికి ఇచ్చారు, ఏ చట్టం కింద ఇచ్చారు? లేఖ హైదరాబాద్ వెళ్లి, అక్కడి నుంచి మురళీధర్ గారి దగ్గరికి తిరిగి వచ్చింది.

ఆయన జవాబు టైపు చేయించి నా ముందు పెట్టారు. 'సదరు తేదీన అటువంటి సమాచారం ఎవరికీ ఇచ్చినట్లు మా వద్ద రికార్డు లేదు.' కింద నా పేరు, సంతకానికి ఖాళీ.

"ఇది నిజం కాదు సార్" అన్నాను. జరిగింది మొత్తం చెప్పాను.

ఆయన విన్నారు. కోప్పడలేదు. "భూమయ్య గారూ, ఇందులో అబద్ధం ఎక్కడుంది? లెటర్ లేదు, మెయిల్ లేదు. రికార్డు లేదు అంటున్నాం, జరగలేదు అనడం లేదు కదా. ఇప్పటివరకు మన కంపెనీలో ఒక తప్పు లేదు. మీరు నోరు తెరిస్తే ఒకటి పుడుతుంది."

నిజానికి రికార్డు ఉంది. ఫయాజ్‌కు ఫోన్ చేసి అడిగాను.

"నా లాగిన్‌ల వడ్డది అన్నా" అన్నాడు. "నేను చూసినట్టు ఉన్నది. ఎందుకు చూసిన్నో లేదు. నువ్వు లెటర్ పంపుతనంటివి గదా."

"ఇప్పుడు నిజం రాద్దామనుకుంటున్న. నీ నౌకరి మీదికి వస్తదేమో."

"గామెకు ఏమైంది?" అని అడిగాడు. వేళ్ల సంగతి చెప్పాను. "మా అమ్మ గూడ బీడీలు చేసిందన్నా" అన్నాడు. "రాయి. నా ముచ్చట దాస్తె దొరుకుతది, రాసెయ్యి."

రాశాను. లేఖ లేకుండా నేనే అడిగాననీ, ఫయాజ్ నా మాట నమ్మి రెండు నిమిషాల్లో చూసి చెప్పాడనీ, ఊరి పేరు సాయన్నకు నేనే చెప్పాననీ రాసి సంతకం పెట్టాను. ఒక ప్రతి కంపెనీకి, ఒకటి లాయరమ్మకు ఇచ్చాను.

కంపెనీ విచారణ చేసింది. విచారణ కాగితం మీద నా తప్పును 'పద్ధతిలో చిన్న లోపం' అన్నారు. నేను పర్మనెంట్ కాబట్టి నన్ను తీసేయడానికి చాలా కాగితాలు కావాలి. ఫయాజ్ కాంట్రాక్టు కాబట్టి ఒక్క కాగితమూ అక్కరలేదు. ఆ నెలాఖరుకు అతని కాంట్రాక్టు పొడిగించలేదు, అంతే. ఇప్పుడు నిజామాబాద్‌లో మొబైల్ రిపేర్ దుకాణం పెట్టుకున్నాడు. నేను వెళితే చాయ్ తాగిస్తాడు. ఆ సంగతి ఎత్తడు. నేను ఎత్తబోతే "స్క్రీన్ గార్డ్ మార్చాల్నా అన్నా?" అంటాడు.

నన్ను మాత్రం నెట్‌వర్క్ పని నుంచి తీసేసి కొత్త పని ఇచ్చారు. 'కస్టమర్ సమాచార గోప్యత' మీద స్టాఫ్‌కు శిక్షణ ఇచ్చే పని. నవ్వకండి. "మీకు ఈ విషయంలో అనుభవం ఉంది కదా" అన్నారు మురళీధర్ గారు. ఎగతాళి చేశారో, నిజంగా అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. రెండేళ్లు జిల్లా జిల్లా తిరిగి గోప్యత గురించి చెప్పాను. మధ్యాహ్న భోజనం బాగుండేది.

ఇప్పుడు దేశానికి డేటా రక్షణ చట్టం వచ్చింది. మెల్లగా అమల్లోకి వస్తోంది. శ్రావణి ఆ పుస్తకం తెచ్చింది, ఇద్దరం కూర్చుని చదివాం. అందులో నాకు నచ్చినది ఒకటుంది: సమాచారం ఎవరి గురించో ఆ మనిషికి హక్కు అంటుంది, బిల్లు ఎవరి పేరు మీద వస్తుందో వాళ్లకు కాదు. అలా చూస్తే గంగమణి అడిగింది సరైన మాటే, స్వప్న చెప్పిందే తప్పు. నేను చేసిన పనిలాంటిది బయటపడితే కంపెనీ ఆ మనిషికి చెప్పాలని కూడా ఉంది. నచ్చనివీ ఉన్నాయి. కంపెనీ మీద జరిమానా వేస్తే అది ప్రభుత్వ ఖజానాకు పోతుంది. విరిగిన వేళ్లకు అందులోంచి పైసా రాదు. ప్రభుత్వానికి మినహాయింపులు చాలానే ఉన్నాయి. ఇక మజ్జిగ తాగి మొహమాటపడేవాడి గురించి ఏ సెక్షన్‌లోనూ లేదు. మా దగ్గర జాడలు బయటికి పోయింది ఎక్కువగా ఆ దారినే. శిక్షణలకు వెళ్లినచోటల్లా భోజనాల దగ్గర ఎవరో ఒకరు పక్కకు పిలిచి చెప్పేవారు: బామ్మర్ది కోసం, ఇంటి ఓనర్ కోసం, సంబంధం చూస్తున్న పిల్లవాడి గురించి. హ్యాకర్ కథ ఒక్కటీ వినలేదు.

ఎవరూ గుర్తుపట్టని వేళ్లు

గంగమణి కేసులో కోర్టు ఆమెకు రక్షణ ఉత్తర్వు ఇచ్చింది. సాయన్న ఆమె జోలికి పోకూడదని, ఆమె వేరే ఉండవచ్చని. నా కాగితం అక్కరకు వచ్చిందని లాయరమ్మ అంది. అది లేకపోయినా దవాఖాన కాగితం సరిపోయేదని కూడా అంది, నిజాయితీ గల మనిషి. సాయన్న పొలంలో టవర్ అలాగే ఉంది. దానికి వెళ్లే పని నాకు లేకుండా పోయింది.

రిటైర్ అయ్యే నెలలో శిక్షణ పని మీద ఆర్మూర్ ఆఫీసుకు వచ్చాను. స్వప్న కౌంటర్ దగ్గర గంగమణి కూర్చుని ఉంది. అంకాపూర్‌లో మొక్కజొన్న విత్తనాలు ఏరే పనికి వెళ్తోందట. పాపను బడిలో వేసింది. తన పేరు మీద సిమ్ కోసం వచ్చింది. నన్ను చూసి తల ఊపింది. నేను పక్కన కుర్చీలో కూర్చున్నాను.

స్వప్న ఫారం నింపి ట్యాబ్ తిప్పింది. "గీడ టిక్ వెట్టాలె అక్కా."

"గిదేంది?"

స్వప్న నా వైపు చూసింది. గోప్యత నిపుణుణ్ణి కదా. చదివి చెప్పాను: నీ ఫోన్ ఏ టవర్ కింద ఉందో కంపెనీ రాసిపెట్టుకుంటది, దానికి నువ్వు ఒప్పుకుంటున్నవ్ అని.

"ఒప్పుకోకుంటె?"

"సిమ్ము రాదు."

"గట్లైతె అడుగుడు ఎందుకు సార్?" అంది. రెండేళ్ల శిక్షణలో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. ఆమె టిక్ పెట్టింది.

తర్వాత వేలిముద్ర. చూపుడువేలు పెట్టింది, మిషన్ ఒప్పుకోలేదు. బొటనవేలు పెట్టింది, ఒప్పుకోలేదు. చిన్నప్పటి నుంచి బీడీల తునికాకు రుద్ది రుద్ది వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. విరిగి అతికిన రెండు వేళ్లు గాజుపలక మీద సమంగా ఆనడమే లేదు. స్వప్న తడిగుడ్డతో తుడిచింది. ఎడమ చెయ్యి పెట్టించింది. పది వేళ్లూ అయ్యాయి. ప్రతిసారీ మిషన్ ఎర్రగా వెలిగి, 'సరిపోలలేదు' అంది.

గంగమణి తన చేతులు తిప్పి చూసుకుంది.

"నేను ఏ ఊర్లె ఉన్ననో రెండు నిమిషాల్ల ఎరుకైంది మీకు" అంది. "ఎదురంగ కూసుంటె నేనెవలో ఎరుకైతలేదా?"

స్వప్నకు ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

వేలిముద్ర పడనివాళ్లకు ఫోటో తీసి ఇచ్చే పద్ధతి ఒకటుంది. స్వప్న ఫోటో తీసి, కాగితాలు ఎక్కించి, అరగంటకు కొత్త సిమ్ తెచ్చింది. "నంబరు చెప్త అక్కా, రాస్కో" అంది.

గంగమణి పెన్ను తీసుకుని ఆగింది. నా వైపు తిరిగింది.

"సార్, ఏమనుకోకు. నువ్వు జర బయట నిలబడు."

లేచి బయటికి వెళ్లి మెట్ల మీద నిలబడ్డాను. తలుపు ఆమే వేసుకుంది.